గోదారి గేజీ చూసి బయల్దేరండి

ఖమ్మం నుంచి సత్తుపల్లి, రాజమండ్రి వైపు పోయే రోడ్డూ, విజయవాడ నుంచి భద్రాచలం పోయే రోడ్డూ కలిసే చోటు పెనుబల్లి మండలంలోని వి.ఎం.బంజర్. దసరా మొదలుకొని కార్తీకం ముగిసేదాకా ఏ ఆదివారం ఈ కూడలిలో నిలబడినా మూడు నగరాల బండ్లు కనిపిస్తాయి. ఖమ్మం ఇక్కడికి 60 కిలోమీటర్ల పైచిలుకు. విజయవాడ దాదాపు 90. హైదరాబాద్ 260 ప్రాంతం. వచ్చినవారిలో చాలామంది టీ తాగి, భద్రాచలం ఇంకెంత దూరమని అడిగి, మిగిలిన 90 కిలోమీటర్లూ గంటన్నరలో కొట్టేయాలని తొందరపడేవారే.

దూరం లెక్క అందరూ వేసుకుంటారు, ఫోన్ కూడా చెప్పేస్తుంది. శరత్కాలంలో ఈ అడవి అంచుకు వచ్చేవారికి అంతకన్నా ముఖ్యమైన లెక్కలు వేరే ఉన్నాయి. గోదావరి ఎన్ని అడుగుల్లో ఉంది? పొద్దు ఎన్నింటికి వాలుతుంది? ఆ రోజు తిథి ఏమిటి? వీటిలో ఏది తప్పినా వారాంతం రోడ్డు మీదో, క్యూలోనో గడిచిపోతుంది. మొదటిది తప్పితే ప్రాణాల మీదికే వస్తుంది. అందుకే దానితోనే మొదలుపెడతాను.

43, 48, 53

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కరకట్ట పక్కన ఉండేవారికి ఈ మూడు అంకెలు నోటిపాఠం. నగరం నుంచి వచ్చేవారికి మాత్రం వీటి సంగతి తెలియదు. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ రికార్డు అదే. ఆ తర్వాత అంతటి వరద 2022 జులై 16న వచ్చింది, 71.3 అడుగులు. రెండూ నడి వానాకాలపు వరదలు. అందుకే దసరా నాటికి నది శాంతిస్తుందని అందరి నమ్మకం. చాలా ఏళ్లు అలాగే జరుగుతుంది కూడా. కానీ ఆ నమ్మకం మీద పాపికొండల పడవ టికెట్ కొనకూడదు.

ఎందుకంటే భద్రాచలం దగ్గర పారే నీళ్లలో ఖమ్మం వానల వాటా చాలా కొద్ది. 1,465 కిలోమీటర్ల పొడవున్న ఈ నది 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద పడ్డ వానను మోస్తుంది. విదర్భ నీళ్లను ప్రాణహిత, బస్తర్ నీళ్లను ఇంద్రావతి తెచ్చి కలుపుతాయి. పెనుబల్లిలో ఆకాశం తేటగా ఉండి, పత్తి చేలల్లో ఎండ కాస్తున్న రోజునే భద్రాచలంలో నది పెరుగుతూ ఉండవచ్చు. మన ఊరి మబ్బును చూసి గోదావరిని అంచనా వేయలేం. నీటిమట్టం చూపే గేజీని చూడాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. పాపికొండల దారిలో కనిపించే నది భద్రాచలం దగ్గరి నది ఒక్కటే కాదు. కింద కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. శబరి పొంగితే గోదావరి వెనక్కి తన్నుతుంది, కూనవరం, చింతూరు వైపు లోతట్టు రోడ్లు మునుగుతాయి. అలాంటప్పుడు భద్రాచలం గేజీ 43కి లోపే ఉన్నా పడవ ఎక్కే పోచవరం రేవుకు దారి ఉండకపోవచ్చు. కాబట్టి రెండు నదులనూ అడిగి తెలుసుకోవాలి.

2019 సెప్టెంబరు 15 ఆదివారం. దేవీపట్నం వైపు నుంచి పాపికొండలకు బయల్దేరిన పర్యాటక పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతోంది. ప్రాణాలతో బయటపడ్డవారు 26 మంది. హైదరాబాద్, వరంగల్, విశాఖ ప్రాంతాల నుంచి సెలవు రోజు గడపడానికి వచ్చినవారు ఆ పడవలో ఎందరో. పడవను పైకి తీయగలిగింది అక్టోబరు 22న. ఆ ప్రమాదం తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి, అనుమతి లేనిదే పడవ కదలకూడదన్న పద్ధతి గట్టిపడింది. అనుమతి లేదని చెప్పిన రోజున అక్కడి సిబ్బందితో వాదించే పర్యాటకులను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ సిబ్బంది మనల్ని కాపాడుతున్నారు.

వాన పూర్తిగా పోయిందనీ అనుకోకూడదు. నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలి వెళ్లేది మామూలుగా అక్టోబరు నడుమ. ఆ తర్వాత బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి కోస్తాలో తీరం దాటిన మొంథా తుపాను మరునాడు వరంగల్, ఖమ్మం జిల్లాలను ముంచెత్తింది. అప్పటికి కార్తీకం మొదలై వారమైంది. ఈ ప్రాంతంలో వాగుల మీద లోలెవల్ వంతెనలు ఎన్నో. మోకాలి లోతు నీరే కదా అని కారు దించితే ఆ నీటి వేగానికి కారు నిలవదు. వాగు పారుతుంటే ఆగిపోవడమే, తగ్గేదాకా ఊళ్లో కూర్చోవడమే.

నా సలహా సూటిగా చెబుతాను. మొదటి హెచ్చరిక అమల్లో ఉంటే పాపికొండల మాట ఎత్తొద్దు. అది ఎత్తేశాక కూడా కనీసం మూడు నాలుగు రోజులు నది తగ్గుముఖంలోనే ఉందో లేదో చూడండి. తుపాను వార్త ఉంటే ఆ వారం వదిలేయండి. కేంద్ర జల సంఘం గేజీ లెక్కలు రోజూ అందుబాటులో ఉంటాయి, వరద రోజుల్లో టీవీల్లోనూ గంట గంటకూ వస్తాయి. చూడటానికి రెండు నిమిషాలు చాలు.

పగటికన్నా ప్రయాణమే పొడుగు

హైదరాబాద్ నుంచి భద్రాచలం 310 కిలోమీటర్ల ప్రాంతం. టిఫిన్, టీలు, టోల్ గేట్లు కలుపుకొంటే వెళ్లడానికి ఆరు గంటలు, రావడానికి ఆరు. మొత్తం పన్నెండు. నవంబరు నడుమ మన వైపు పగలు ఎంతసేపు? 11 గంటల 20 నిమిషాలు. ఉదయం ఆరుంబావుకు తెల్లారి, సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది. జూన్ నెలాఖరులో ఆరూ ముప్పావు దాకా ఉండే వెలుతురు ఇప్పుడు గంటకు పైగా ముందే పోతుంది. ఒక్క రోజులో భద్రాచలం చూసి వస్తామంటే పగలంతా రోడ్డుకే సరిపోదు, కొంత రాత్రిని కూడా అప్పు తెచ్చుకోవాలి.

ఆ రాత్రి రోడ్డు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. నవంబరులో వరి కోతలు మొదలవుతాయి. కల్లాలు చాలక రైతులు ధాన్యాన్ని రోడ్డు వారగా ఆరబోస్తారు, బండి ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు, చీకటి పడ్డాక పైన టార్పాలిన్ కప్పుతారు. నల్లటి రోడ్డు మీద నల్లటి టార్పాలిన్, దాని అంచున రాయి. హెడ్‌లైట్ వెలుగులో అది దగ్గరికొచ్చేదాకా కనపడదు. దీనికి తోడు పత్తి ట్రాక్టర్లు, పామాయిల్ గెలల లారీలు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల బొగ్గుకు 2022లో కొత్తగూడెం దాకా 54 కిలోమీటర్ల రైలు మార్గం వచ్చింది కాబట్టి బొగ్గు లారీల బరువు కొంత తగ్గింది. అయినా ఈ రోడ్ల మీద పొద్దు వాలాక దూర ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు.

అంటే రెండు రోజులకు తక్కువైతే హైదరాబాద్ వాళ్లు భద్రాచలం పెట్టుకోవద్దు. పాపికొండలు కూడా కలపాలంటే మూడు రోజులు. భద్రాచలం నుంచి ఎటపాక, కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం రేవు మరో 60, 70 కిలోమీటర్లు. పడవలో పోయి రావడానికే దాదాపు ఒక పూర్తి పగలు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక ఆ దారి రాష్ట్రం దాటి పోతుంది. పసుపు నంబరు ప్లేటు బండి కట్టించుకుంటే సరిహద్దు పర్మిట్ సంగతి ముందే మాట్లాడుకోవాలి. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. మధ్యలో పేరంటాలపల్లి శివాలయం, గట్టు మీద వెదురుతో చేసిన బొమ్మలు, పడవలు అమ్మే కొండరెడ్లు. పోలవరం ప్రాజెక్టులో 150 అడుగుల పూర్తి మట్టం దాకా నీళ్లు నిలిపిన నాడు ఈ గట్లలో చాలా భాగం ఉండదు. చూడాలనుకునేవారు వాయిదా వేయకపోవడమే మంచిది, కానీ నది ఒప్పుకున్న రోజునే.

2026లో శరత్తు ఆలస్యం

2024లో విజయదశమి అక్టోబరు 12. 2025లో అక్టోబరు 2. 2026లో అక్టోబరు 20. మన చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆ తేడా పెరిగిపోకుండా మధ్యలో అధిక మాసం వస్తుంది. 2026లో జ్యేష్ఠం అధికం, అందుకే దసరా ఒక్కసారిగా పద్దెనిమిది రోజులు వెనక్కి పోయింది.

షికారు వెళ్లేవారికి దీనివల్ల లాభం ఉంది. దసరా అక్టోబరు మొదట్లో పడితే సెలవులన్నీ రుతుపవనాల తోకలో చిక్కుకుంటాయి. 2025లో తెలంగాణ బడుల దసరా సెలవులు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు 13 రోజులు. నది మీదికి పోవడానికి అవి అనువైన రోజులు కావు. అక్టోబరు 20 నాటికి మాత్రం వానలు తగ్గే అవకాశం ఎక్కువ. కార్తీకమైతే నవంబరు 10న మొదలై డిసెంబరు రెండో వారం దాకా సాగుతుంది. అప్పటికి చలి ముదురుతుంది, నీళ్లు తేటపడతాయి, అడవి ఇంకా ఎండదు. నా దృష్టిలో ఈ సరిహద్దు అడవులకు ఏడాదంతటిలో మంచి కాలం నవంబరు రెండో సగమే.

అయితే జనం లెక్క కూడా చూసుకోవాలి. 2026 కార్తీకంలో సోమవారాలు నాలుగు: నవంబరు 16, 23, 30, డిసెంబరు 7. కార్తీక పౌర్ణమి నవంబరు 24, మంగళవారం. ఆదివారం 22, సోమవారం 23, పౌర్ణమి 24 వరసగా వస్తున్నాయి. ఆ మూడు రోజులూ భద్రాచలం స్నానఘట్టాల్లో, శివాలయాల్లో నేల ఈనినట్టు జనం ఉంటారు. భక్తి కోసం వెళ్లేవారికి ఆ సందడే కావాలి. ప్రశాంతత కోసం వెళ్లేవారు నవంబరు 28, 29 శని, ఆదివారాలు చూసుకోవచ్చు. లేదా ఒక బుధవారం సెలవు పెట్టండి.

పెనుబల్లిలోనే ఆగితే

భద్రాచలం వెళ్లే తొందరలో దాటిపోయే ఈ మండలంలో ఒక పగలు హాయిగా గడిచిపోతుంది. అడవిమల్లెల దగ్గర కట్టలేరు మీద లంకాసాగర్ ప్రాజెక్టు ఉంది. సాగునీటి కోసం కట్టిన చెరువే. అలంకారాలు లేవు, టికెట్ లేదు. వానాకాలం ముగిశాక నిండుగా ఉన్నప్పుడు కట్ట మీద పొద్దున్నే నడిస్తే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఆ నీళ్లతో పండే పొలం. సెలవులకు పిల్లలను ఇలాంటి కట్టల మీదికే తీసుకెళ్లాలి. బియ్యం ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు అక్కడ కళ్లెదుటే ఉంటుంది.

కనకగిరి గుట్టల వైపు పులిగుండాల ప్రాజెక్టు. చుట్టూ అడవి, నడుమ నీళ్లు. అటు వెళ్లేవారు ముందు అటవీ శాఖ వారిని అడగాలి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం, రాత్రి మకాం వేయడం నేరం. అడవిలోనే నీలాద్రీశ్వరస్వామి ఆలయం ఉంది. శివరాత్రికి జాతర, కార్తీక సోమవారాల్లో దీపాలు. మామూలు రోజున వెళ్తే గుడి గంట, పిట్టల అరుపులు తప్ప చప్పుడు ఉండదు.

దసరా ముందు వస్తే దారి పక్కన ఓ సంగతి గమనించండి. బీడు నేలల్లో తెల్లటి గునుగు, పచ్చటి తంగేడు కలిసి పూస్తాయి. నగరంలో కట్ట ఇంత అని కొనే పూలు ఇక్కడ ఆడపిల్లలు తెల్లారుజామునే కోసుకొస్తారు. గునుగు కాడలు కత్తిరించి, కొసలకు రంగులద్ది, తాంబాలంలో బతుకమ్మను వరసలు వరసలుగా పేర్చుకుంటూ పోతారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, ఆరో రోజు తప్ప రోజుకో నైవేద్యం. ఎంగిలిపూల రోజైన మహాలయ అమావాస్య 2026లో అక్టోబరు 10, శనివారం పడింది. ఆ సాయంత్రం ఖమ్మం వైపు ఏ ఊళ్లో ఆగినా బతుకమ్మ ఆట కనిపిస్తుంది. ఫోన్ పైకెత్తి తీయడానికి ముందు ఒక మాట అడగండి. ఇంకా మంచిది, వాళ్లు పిలిస్తే వలయంలో కలవండి.

కొత్తగూడెం దాటి పాల్వంచ చేరాక పక్కదారిలో 12 కిలోమీటర్ల ప్రాంతంలో కిన్నెరసాని. పూర్తి మట్టం 407 అడుగులు, నిల్వ 8.4 టీఎంసీలు, చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. జింకల పార్కు పిల్లలకు నచ్చుతుంది. జలాశయంలో మొసళ్లున్నాయి కాబట్టి గట్టు దిగి కాళ్లు తడుపుకోవాలన్న సరదా ఇక్కడ వద్దు. ఈ నీళ్లే పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రానికీ వెళ్తాయి.

భద్రాచలంలో దర్శనం అయ్యాక అందరూ పర్ణశాలకు బయల్దేరతారు, 35 కిలోమీటర్లు. మంచిదే. దానికి ముందు ఊళ్లోనే ఐటీడీఏ గిరిజన మ్యూజియానికి ఒక గంట ఇవ్వండి. ఈ అడవి కోయల ఇల్లు. వాళ్ల పనిముట్లు, వాద్యాలు, కొమ్ము కోయ నృత్యపు తలపాగా చూడకుండా ఈ ప్రాంతం చూశామనడం సరికాదు. కోయ వంశాల కథలను డోలు మీద పాడిన మణుగూరు వైపు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. ఆ కథలు తెలిసిన గొంతులు ఇప్పుడు కొద్ది మాత్రమే మిగిలాయి. మన షికార్లలో ఆ గొంతులు వినడానికి ఒక పూట పెట్టుకోకపోతే, తరవాత మ్యూజియంలో డోలు మాత్రమే ఉంటుంది.

ఖర్చు, ఆకు

హైదరాబాద్ నుంచి పెనుబల్లి మీదుగా భద్రాచలం వెళ్లి నేరుగా తిరిగి వస్తే 660 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారైతే 44 లీటర్లు. 2025లో హైదరాబాద్ ధర 107 రూపాయల పైచిలుకు ప్రకారం పెట్రోలుకే 4,700. నలుగురు పంచుకుంటే మనిషికి 1,200 లోపు. బస్సు ఇంకా తక్కువ. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపితే చాలు. ఖమ్మం నుంచి నలుగురు స్నేహితురాళ్లు లంకాసాగర్ చూసి రావాలనుకుంటే బస్సు ఖర్చు సున్నా. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటి పథకమే ఉంది. కానీ ఎవరి పథకం వాళ్ల రాష్ట్రంలోనే చెల్లుతుంది. తిరువూరు నుంచి పెనుబల్లికి వచ్చే విజయవాడ అక్కచెల్లెళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద వంద మంది కూర్చున్నారనుకుందాం. వంద ప్లేట్లు, మనిషికి మూడు చొప్పున మూడు వందల గ్లాసులు, రెండు చొప్పున రెండు వందల నీళ్ల సీసాలు. ఒక్క పూటకు ఆరు వందల ముక్కల చెత్త. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా కార్తీకం వెళ్లాక ఈ మామిడి తోటల్లో, చెరువు కట్టల మీద ఏం మిగులుతుందో తోట రైతులను అడగండి. సీసా మూతలను ఏరలేక వాళ్లు పడే బాధ నగరం దాకా వినపడదు. దీనికి మందు ఈ అడవిలోనే ఉంది: మోదుగాకు, అడ్డాకు విస్తళ్లు. గిరిజన మహిళలు కుట్టి సంతల్లో అమ్ముతారు. వంద విస్తళ్లు అక్కడే కొనండి, ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తెచ్చుకోండి, నీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టుకోండి. ఆరు వందల లెక్క నాలుగైదు క్యాన్లకు దిగుతుంది, అవీ తిరిగి ఇచ్చేసేవే. తిన్న ఆకు పశువు తింటుంది, లేకపోతే నేలే తింటుంది.

ఈ కార్తీకంలో ఇటు రావాలనుకుంటున్న పాఠకులకు ఒకే మనవి. బయల్దేరే ముందురోజు రాత్రి భద్రాచలం గేజీ చూడండి. 43 దాటి ఉంటే, దాటకపోయినా పెరుగుతూ ఉంటే, పాపికొండలు రద్దు చేసుకుని పెనుబల్లిలో దిగండి.